కోచ్ కావాలనుకుంటున్నారా? ఫీజు కట్టే ముందు ఈ పాఠం చదవండి



ఈ పేజీలో మామూలుగా మీ పిల్లల చదువు గురించి మాట్లాడుకుంటాం. ఈ నెల మీ చదువు గురించి మాట్లాడుకుందాం. పేరెంట్ టీచర్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక, లేచి వెళ్లబోతూ కొందరు ఒక మాట అడుగుతున్నారు. "ఎన్‌ఎల్‌పీ కోర్సు చేసి లైఫ్ కోచ్‌గా సెటిల్ కావచ్చంటున్నారు, నిజమేనా అండీ?" అడిగేవారిలో పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఏడెనిమిదేళ్లు ఇంట్లో ఉన్న అమ్మలున్నారు. లేఆఫ్ మాట వింటేనే నిద్ర పట్టని ఐటీ నాన్నలున్నారు. సైనిక్‌పురి వైపు సర్వీసు పూర్తయినా ఇంకా యాభై దాటని మాజీ సైనికులున్నారు. ఏళ్ల తరబడి ఒకే సీటులో పని చేసి, ఇక చాలు అనుకుంటున్న ఉద్యోగులూ ఉన్నారు.

ప్రశ్న మంచిదే. కాకపోతే దాని వెనక డబ్బు ఉంది. ఆ డబ్బు చాలా ఇళ్లలో పీఎఫ్ నుంచో, పిల్లల పైచదువుకు దాచిన డిపాజిట్ నుంచో వస్తుంది. ఫీజుల విషయంలో ఒక స్కూలే జాగ్రత్తలు చెబుతోందని మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, లెక్క మాత్రం చివరిదాకా చూడండి.

పేర్లు మూడు, పనులు మూడు

మొదటి చిక్కు మాటల దగ్గరే ఉంది. ఎన్‌ఎల్‌పీ, కోచింగ్, కౌన్సెలింగ్ అనే మూడు పేర్లూ ఒకే కరపత్రంలో పక్కపక్కన కనిపిస్తాయి. ఎన్‌ఎల్‌పీ అంటే న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. మాట తీరు, ఆలోచన తీరు మార్చుకోవడానికి కొన్ని పద్ధతుల మూట అది. కోచింగ్ ఒక వృత్తి. ఎదుటి మనిషి తన లక్ష్యాన్ని తానే తేల్చుకుని అటు నడిచేలా ప్రశ్నలు వేస్తూ తోడుండటం అందులో పని. కౌన్సెలింగ్, సైకాలజీ ఆరోగ్యానికి సంబంధించినవి, వాటికి చదువూ చట్టమూ ఉన్నాయి. మూడో పని చేయడానికి మొదటిదాని సర్టిఫికెట్ సరిపోదు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటే ఒక నష్టం. తెలియక ఒక పిల్లవాడికి చికిత్స మొదలుపెడితే అది వేరే నష్టం.

మన ఊళ్లో ఇంకో తికమక కూడా ఉంది. కోచింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఎంసెట్, నీట్, గ్రూప్స్. ఇక్కడ మాట్లాడే కోచ్ పాఠం చెప్పడు, నోట్స్ ఇవ్వడు. ఆ మాటకొస్తే సలహా కూడా సాధ్యమైనంత తక్కువ ఇస్తాడు. సలహా ఇవ్వకుండా గంట సేపు కూర్చోవడం మనలాంటి తల్లిదండ్రులకు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్‌ఎల్‌పీ ఎక్కడ పుట్టింది?

1970లలో అమెరికాలో, శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. రిచర్డ్ బ్యాండ్లర్ అక్కడ విద్యార్థి, జాన్ గ్రైండర్ భాషాశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. మంచి పేరున్న చికిత్సకులు ఏం మాట్లాడుతున్నారు, ఎలా మాట్లాడుతున్నారు అని ఇద్దరూ పట్టి చూశారు. గెస్టాల్ట్ థెరపీ చేసిన ఫ్రిట్జ్ పెర్ల్స్, కుటుంబాలతో పనిచేసిన వర్జీనియా సటీర్, హిప్నాసిస్‌లో పేరుపొందిన మిల్టన్ ఎరిక్సన్ వాళ్ల నమూనాలు. నిపుణుల మాటల్లోని పద్ధతిని విడదీసి చూపిస్తే ఎవరైనా నేర్చుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. మొదటి పుస్తకం 1975లో వచ్చింది.

తర్వాత ఇద్దరూ విడిపోయారు. ఎన్‌ఎల్‌పీ పేరు మీద హక్కు ఎవరిదని 1990లలో కోర్టు దాకా వెళ్లారు. ఈ చరిత్ర మీకెందుకంటే, ఈ రంగంలో అందరూ ఒప్పుకునే ఒకే బోర్డు, ఒకే సిలబస్ లేవు. ప్రాక్టీషనర్, మాస్టర్ ప్రాక్టీషనర్, ట్రైనర్ అని మెట్లు ఉంటాయి. ఒకచోట ఆ మొదటి మెట్టు నెలల తరబడి సాగుతుంది, మరోచోట వారంలో అయిపోతుంది. గోడకు తగిలించే కాగితం మీద మాత్రం రెండు చోట్లా అదే పేరు. "ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్" అన్న మాట కనిపిస్తే, ఏ సంస్థ ఇస్తోంది, దాన్ని ఎవరు గుర్తిస్తున్నారు అని అడగండి.

అందులో నిజంగా పనికొచ్చేది

ఇంత చెప్పాక అంతా బోగస్ అనుకోకండి. భాషాశాస్త్రం నుంచి వచ్చిన ఒక భాగం నిజంగా బాగుంటుంది. మనిషి మాట్లాడేటప్పుడు కొంత వదిలేస్తాడు, కొంత పెంచుతాడు, కొంత వంకర చేస్తాడు. ఆ వదిలేసిన ముక్కను ప్రశ్నతో వెనక్కి తేవాలి. ఎన్‌ఎల్‌పీ వాళ్లు దీన్ని మెటా మోడల్ అంటారు. తెలుగులో దీనికి బోలెడు పని ఉంది, ఎందుకంటే మన వాక్యంలో కర్తను మింగేయడం చాలా తేలిక.

"అలా చేస్తే బాగోదంటారు." ఎవరంటారు? "నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురి పేర్లు ఒకసారి చెప్పండి. చాలాసార్లు ఇద్దరి దగ్గరే ఆగిపోతాం, అందులో ఒకరు మనల్ని చూసి అయిదేళ్లయి ఉంటుంది. "మావాడు ఎప్పుడూ చదవడు." ఎప్పుడూనా? పోయిన నెలలో తనంతట తాను పుస్తకం తీసింది ఏ రోజు, ఏ సబ్జెక్టు? "మా అమ్మాయికి లెక్కలు రావు." లెక్కల్లో ఏవి? భిన్నాలా, బీజగణితమా, లేక ప్రశ్న చదివి అర్థం చేసుకోవడమా? చివరిదే అయితే సమస్య లెక్కలది కాదు, చదవడానిది. "ఈ వయసులో ఉద్యోగం మారలేం." మారితే ఏమవుతుంది? మారకుండా మిమ్మల్ని ఆపుతున్నది ఏది? జీతమా, మామగారి మాటా, ఇంగ్లిష్ భయమా?

ఇవి ఎకసెక్కం చేసే గొంతుతో అడిగితే ఇంట్లో గొడవే. అడిగే తీరులోనే విద్య అంతా ఉంది. కోచ్‌లకు నేర్పే ఒక చిన్న సూత్రం కూడా మీకు రేపటి నుంచే పనికొస్తుంది. "ఎందుకు" బదులు "ఏది", "ఎక్కడ", "ఎలా" వాడటం. "ఎందుకింత తక్కువొచ్చాయి?" అంటే పిల్లవాడికి అది ప్రశ్నలా వినపడదు, తిట్టులా వినపడుతుంది. సంజాయిషీ వెతుక్కుంటాడు. "ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగిపోయావు?" అంటే పేపరు తీసి చూపిస్తాడు.

ఇంతవరకు నేర్చుకోవడానికి ఖరీదైన కోర్సే అక్కర్లేదని కొందరు గమనించే ఉంటారు.

ఇక నిలబడనివి కూడా చెప్పాలి. కళ్లు ఏ వైపు తిరిగాయో చూసి అబద్ధం పట్టవచ్చని కొన్ని క్లాసుల్లో చెబుతారు. రిచర్డ్ వైజ్‌మన్, మరికొందరు పరిశోధకులు దాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. కంటి కదలికకూ అబద్ధానికీ వాళ్లకు సంబంధం కనబడలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో వైద్యుల పత్రిక ఒకటి ఎన్‌ఎల్‌పీతో ఆరోగ్యం మెరుగవుతుందా అన్న అధ్యయనాలన్నిటినీ కలిపి సమీక్షించింది. అవుతుందని చెప్పడానికి ఆధారం చాలా తక్కువని తేలింది. అంతకు చాలా ముందే, 1988లో, అమెరికా సైన్యం కోసం నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వేసిన కమిటీ కూడా దాదాపు అదే మాట చెప్పింది. "మీ పిల్లవాడు విజువల్ లెర్నర్, బొమ్మలతోనే చదివించండి" అనేది కూడా ఈ కుదురులోదే. పిల్లలను అలా విభజించి పాఠం చెబితే బాగా నేర్చుకుంటారనడానికి తగిన రుజువు లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తల బృందం ఒకటి తేల్చింది. రెండు రోజుల వర్క్‌షాపులో జ్ఞాపకశక్తి పెంచుతామని, వేలిముద్రలు చూసి కెరీర్ చెబుతామని వచ్చేవారి దగ్గర కూడా పర్సు జాగ్రత్త.

అమీర్‌పేట లెక్క ఇక్కడ ఎందుకు కుదరదు?

ఒక కోర్సు చేసి బతుకు మార్చుకోవడం హైదరాబాదుకు కొత్త కాదు. 1990ల చివర్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జరిగింది అదే. వేరే డిగ్రీ చదివినవాళ్లు కొన్ని నెలలు మెయిన్‌ఫ్రేమో జావానో నేర్చుకుని కొత్త వృత్తిలోకి వెళ్లారు. అందుకే మన ఇళ్లలో "కోర్సు చేస్తే దారి దొరుకుతుంది" అన్న నమ్మకం గట్టిగా ఉంది. అయితే అమీర్‌పేటలో కోర్సుకు అవతలి చివర జీతమిచ్చే కంపెనీ ఉంది. వై2కే పని కోసం మనుషులు కావాలి, నేర్చుకున్నవాడిని తీసుకున్నారు. కోచింగ్ కోర్సుకు అవతలి చివర అలాంటి కంపెనీలు చాలా తక్కువ. పెద్ద సంస్థల్లో లోపలి కోచ్‌లు ఉంటారు, కానీ వాళ్లలో ఎక్కువమంది అక్కడ ఏళ్ల తరబడి మేనేజర్‌గానో హెచ్‌ఆర్‌లోనో ఉన్నవాళ్లే. మిగిలినవాళ్లంతా సొంత దుకాణమే. కోర్సు అయ్యాక మీకు వచ్చేది ఉద్యోగం కాదు, ఒక చిన్న వ్యాపారం పెట్టుకునే అర్హత.

ఆ వ్యాపారం లెక్క కాగితం మీద వేద్దాం. ఇవి కేవలం ఊహించిన అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి. గంటకు 1,500 రూపాయలు తీసుకుంటారనుకుందాం. వారానికి అయిదు సెషన్లు. నెలకు 20 సెషన్లు, 30,000 రూపాయలు. బాగానే ఉంది కదా. ఇప్పుడు రెండో సగం. ఒక మనిషి మీ దగ్గరకు ఆరుసార్లు వస్తాడనుకుంటే, ఏడాదికి 240 సెషన్లు నిండాలంటే 40 మంది కొత్తవాళ్లు కావాలి. అంటే ప్రతి తొమ్మిది రోజులకు ఒకరు, డబ్బిచ్చి, ఆరుసార్లు రావడానికి ఒప్పుకోవాలి. ఏఎస్ రావు నగర్‌లో మీకు తెలిసిన, మీ మాట మీద గురి ఉన్న నలభై మంది పేర్లు రాయగలరా? రాయగలిగితే మీ దగ్గర సగం పెట్టుబడి ఉన్నట్టే. రాయలేకపోతే మాస్టర్ ప్రాక్టీషనర్ సర్టిఫికెట్ ఆ పేర్లు రాసిపెట్టదు.

కోచింగ్‌లో ప్రపంచమంతా ఎక్కువగా చూసే గుర్తింపు ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్‌ది. 1995లో అమెరికాలో మొదలైంది. వాళ్ల మొదటి మెట్టు ఏసీసీ. దానికి 60 గంటల శిక్షణ, 10 గంటల మెంటర్ పర్యవేక్షణ, 100 గంటల నిజమైన కోచింగ్ అనుభవం, ఒక పరీక్ష ఉండాలి. ఆ వందలో 75 గంటలు ప్రతిఫలం తీసుకుని చేసినవై ఉండాలి. తర్వాతి మెట్టు పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. పై మెట్టు ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. ఈ అంకెలను ఒకసారి మళ్లీ చూడండి. పైకి వెళ్లేకొద్దీ క్లాసులో కూర్చునే గంటలు మూడు రెట్లకు కాస్త పైన పెరిగాయి, మనుషులతో కూర్చునే గంటలు మాత్రం పాతిక రెట్లు అయ్యాయి. ఈ వృత్తి ఎక్కడ నేర్చుకుంటారో ఆ సంస్థే ఒప్పుకుంటోంది. "పదిహేను రోజుల్లో సర్టిఫైడ్ కోచ్" అన్న బ్యానర్‌ను ఈ లెక్క పక్కన పెట్టి చదవండి.

తెలుగులో ఈ దారి నడిచినవాళ్లు

మనకు ఉదాహరణలు లేకపోలేదు. 2025లో మరణించిన బి.వి. పట్టాభిరామ్ గారు ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేసినవారు. ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా వేదికల మీద పేరు తెచ్చుకుని, తర్వాత సైకాలజీ, కౌన్సెలింగ్, వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చారు. యండమూరి వీరేంద్రనాథ్ గారు చార్టర్డ్ అకౌంటెంట్, బ్యాంకులో పనిచేశారు. ఆయన "విజయానికి ఐదు మెట్లు" రాసేనాటికే నవలా రచయితగా ఇంటింటికీ తెలుసు. ఇద్దరి విషయంలోనూ ముందు వినేవాళ్లు తయారయ్యారు, ఆ తర్వాతే వృత్తి మారింది. వాళ్లంత పేరు మనకు అక్కర్లేదు. వరస మాత్రం అదే ఉండాలి.

కాప్రా వైపు చూస్తే ఆ వరసకు పనికొచ్చే మనుషులు తక్కువేం లేరు. ఈసీఐఎల్ 1967 నుంచి ఇక్కడ ఉంది, పక్కనే ఎన్‌ఎఫ్‌సీ. షాప్ ఫ్లోర్‌లో పాతికేళ్లు కొత్త కుర్రాళ్లకు పని నేర్పిన సూపర్‌వైజర్‌కు, మొదటిసారి టీమ్ లీడర్ అయిన ఇరవై ఏడేళ్ల అమ్మాయి తడబాటు ఏమిటో తెలుసు. జవాన్లకు శిక్షణ ఇచ్చిన సుబేదారుకు క్రమశిక్షణ ఎలా నిలబడుతుందో తెలుసు. కెరీర్ బ్రేక్ తర్వాత మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లిన తల్లికి, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ ఇంకో తల్లి భయం ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుసు. వీళ్లకు కోచింగ్ శిక్షణ పదును పెడుతుంది. పదును పెట్టడానికి ముందు కత్తి ఉండాలి కదా. "లైఫ్ కోచ్" అన్న బోర్డు కంటే "ఉద్యోగంలోకి తిరిగి వెళ్లే మహిళలకు కోచ్" అన్న బోర్డుకే ఎక్కువ మంది ఆగుతారు.

పిల్లల దగ్గర గీత

ఈ భాగం దయచేసి తొందరపడకుండా చదవండి. కోర్సు చేసి వచ్చిన ఉత్సాహంలో మొదటి క్లయింటు మన ఇంట్లో పిల్లే అవుతుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి రాత్రులు నిద్రపోవడం లేదు, తినడం మానేసింది, స్నేహితులకు దూరమైంది. అమ్మ లక్ష్యాలు రాయిస్తుంది, "యాంకరింగ్" చేయిస్తుంది. రెండు నెలలు గడిచిపోతాయి. కోచింగ్ బాగున్న మనిషి ముందుకు వెళ్లడానికి. బాగాలేని పిల్లకు కావలసింది డాక్టరో, అర్హత ఉన్న సైకాలజిస్టో. చావు మాట ఎత్తినా, తనను తాను గాయపరచుకున్నా ఒక్క రోజు కూడా ఆగకండి. టెలిమానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

చట్టం కూడా ఈ గీతను గీసింది. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద పేరు నమోదై ఉండాలి. సైకాలజీకి సంబంధించిన ఇతర వృత్తులను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు. లైఫ్ కోచ్‌కు, ఎన్‌ఎల్‌పీ ట్రైనర్‌కు మన దేశంలో లైసెన్సు ఏదీ లేదు. అందుకే ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, అందుకే చూసుకుని వెళ్లాల్సిన బాధ్యత మనదే. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో, విద్యా సంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని అందులో ఉంది. కోచ్ అని లేదు.

పిల్లలతో పనిచేయాలన్నదే మీ కోరిక అయితే, సైకాలజీయో సోషల్ వర్కో పద్ధతిగా చదవండి. ఇక్కడ ఒక కొత్త సంగతి. ఇన్నాళ్లూ గృహిణులు, ఉద్యోగులు దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసేవారు. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలు ఆపేయమని యూజీసీ ఆదేశించింది. "ఇంట్లో కూర్చుని సైకాలజీ డిగ్రీ" అని ఇప్పుడు ఎవరైనా కొత్తగా అడ్మిషన్ ఇస్తామంటే, ఆ ఆదేశం సంగతి అడిగాకే డబ్బు కట్టండి.

ఫీజు కట్టే ముందు ఆరు వారాలు

శిక్షణ సంస్థకు వెళితే డెమో క్లాసులో చప్పట్లు, కన్నీళ్లు, "ఈ రాత్రి పన్నెండు లోపు కడితే సగం ధర" ఉంటాయి. ఆ రాత్రి కట్టకండి. పోయిన ఏడాది బ్యాచ్‌లో ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి, సంస్థ ఎంపిక చేసినవాళ్లవి కాకుండా. వాళ్లను ఒకటే అడగండి: "పోయిన నెల ఎంతమంది మీకు డబ్బిచ్చారు?" ఆ మనిషి ఇప్పుడు అదే కోర్సు అమ్ముతూ బతుకుతుంటే, అది కూడా జవాబే. క్లాసులో మీరు కోచింగ్ చేస్తుంటే చూసి తప్పులు చెప్పే మెంటర్ ఎన్ని గంటలు ఉంటారో, డబ్బు వెనక్కి ఇచ్చే షరతులు ఏమిటో కాగితం మీద రాసివ్వమనండి. ఇచ్చిన మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ దానికి ఆ కాగితం కావాలి.

ఈలోగా ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి. మీ కుటుంబానికి చెందని ముగ్గురు పెద్దవాళ్లను ఎంచుకోండి. ఉద్యోగం మారాలనుకునేవారో, దుకాణం పెట్టాలనుకునేవారో అయితే మంచిది. ఒక్కొక్కరితో వారానికి ముప్పావు గంట, ఆరు వారాలు. నాలుగు మెట్లలో మాట్లాడండి: ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నారు, ఏయే దారులున్నాయి, ఈ వారం ఏం చేస్తారు. జాన్ విట్‌మోర్ 1992లో రాసిన కోచింగ్ పుస్తకంతో ప్రచారమైన పద్ధతి ఇది, గ్రో అంటారు. నియమం ఒక్కటే, మీరు సలహా ఇవ్వకూడదు. ప్రతిసారీ అయ్యాక మీరెంత సేపు మాట్లాడారు, వాళ్లెంత సేపు మాట్లాడారు అని నోటుబుక్కులో రాయండి. మొదటి వారం సగానికి సగం ఉంటుంది. ఆరో వారానికి మీ వాటా అయిదో వంతుకు తగ్గిందా? ముగ్గురిలో ఇద్దరైనా చెప్పిన పని చేసి వచ్చారా? ఏడోసారి రమ్మంటే, ఈసారి 300 రూపాయలు అంటే, వస్తారా? ఆ నోటుబుక్కు తీసుకుని శిక్షణ సంస్థకు వెళ్లండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగుకు మా దగ్గరకు తెచ్చినా సరే, మార్కుల మాట అయ్యాక కూర్చుని చూద్దాం.